మెటికలు విరిస్తే కీళ్లు అరుగుతాయా?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది నెల్లూరు దగ్గర పల్లె. 12 ఏళ్లుగా చెన్నై కొళత్తూరులో ఉంటున్నాం. మా అత్తయ్యకు 66 ఏళ్లు, మా పాప ఆరో తరగతి. మొన్న పాప పుట్టినరోజుకు కొత్త పట్టుపావడా కట్టుకుంటే అత్తయ్య దిష్టి తీసి మెటికలు విరవబోయారు. ‘వద్దు నానమ్మా, మెటికలు విరిస్తే కీళ్లు అరిగిపోతాయంట, మా ఫ్రెండ్ చెప్పింది’ అని పాప ఆవిడ చేతులు పట్టుకుని ఆపేసింది. అత్తయ్య చిన్నబుచ్చుకున్నారు. దీనికి తోడు ఆవిడ కూర్చుని లేస్తుంటే మోకాళ్లు కటకటమంటాయి. నొప్పి పెద్దగా లేదు, మెట్లెక్కితే కాస్త ఉంటుంది, అంతే. ఎదురు ఫ్లాటావిడ ‘గుజ్జు అరిగిపోయింది, ఇక కాళ్లు కదపకండి’ అంది. అప్పటినుంచి, అంటే మూడు నెలలుగా, అత్తయ్య రెండో అంతస్తు దిగడం లేదు. గుడి మానేశారు. వాకిట్లో ముగ్గు కూడా నేనే వేస్తున్నాను. మా వారు ఆదివారం ఆదివారం మేకకాళ్లు తెచ్చి పాయా చేయిస్తున్నారు. అది చాలదని ఆన్‌లైన్‌లో కొలాజెన్ పొడి డబ్బా తెప్పించారు. గుజ్జు మళ్లీ పెరుగుతుందా? మెటికల సంగతేమిటి? పాపకు స్కూల్లో కీళ్ల రకాల మీద ప్రాజెక్టు ఇచ్చారు. హింజ్, పివట్ అంటూ బట్టీ పడుతోంది. అత్తయ్యకు కూడా అర్థమయ్యేలా చెబితే అందరం కూర్చుని చదువుకుంటాం.
– ఒక కోడలు, చెన్నై

జవాబు: అమ్మా, ముందు మీ అత్తయ్యగారిని నిక్షేపంగా మెటికలు విరుచుకోమనండి. పాపను నేను సముదాయిస్తాను.

మెటికలు విరిస్తే కీళ్ల వాతం వస్తుందన్న భయం మన దగ్గరే కాదు, అమెరికాలోనూ ఉంది. అక్కడ డొనాల్డ్ అంగర్ అనే డాక్టరును చిన్నప్పుడు వాళ్లమ్మ, పిన్నమ్మలు, పెళ్లయ్యాక అత్తగారు కూడా ఇదే మాట అని బెదిరించారట. ఆయన మొండిఘటం. 50 ఏళ్లపాటు రోజుకు కనీసం రెండుసార్లు ఎడమచేతి మెటికలు మాత్రమే విరిచాడు. కుడిచెయ్యి ముట్టుకోలేదు. చివరికి రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూస్తే దేనిలోనూ కీళ్ల వాతం లేదు. ఈ సంగతి 1998లో ఒక వైద్య పత్రికకు ఉత్తరంగా రాశాడు. 2009లో ఆయనకు ఇగ్ నోబెల్ ఇచ్చారు, నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి అది. ఒక్క మనిషి చేతులు చూసి శాస్త్రం రాయలేం, నిజమే. కానీ మెటికలు విరిచే అలవాటున్నవాళ్లనూ లేనివాళ్లనూ పోల్చి చూసిన పరిశీలనల్లో కూడా ఆ అలవాటుకూ కీళ్ల అరుగుదలకూ సంబంధం కనబడలేదు.

మరి ఆ ‘టప్’ ఎక్కడిది? వేలి కీలు లోపల ఒక చిన్న మూసిన గది ఉంటుంది, అందులో జిగురుగా కొద్దిగా ద్రవం. వేలిని లాగినా, వంచి నొక్కినా రెండు ఎముకల కొసలూ ఒక్కసారిగా ఎడమవుతాయి. గదిలో ఒత్తిడి పడిపోయి, ద్రవంలో కరిగి ఉన్న గాలి బుడగలా బయటపడుతుంది. సోడా మూత తీసినట్టే. శబ్దం బుడగ పుట్టినప్పుడు వస్తుందా, చితికినప్పుడా అని శాస్త్రవేత్తలు చాలాకాలం తగువులాడుకున్నారు. చితికినప్పుడే అని 1971లో ఇంగ్లండులో అన్నారు. 2015లో కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయం వాళ్లు ఎం.ఆర్.ఐ. యంత్రంలో వేలు పెట్టి లాగుతూ వీడియో తీసి, పుట్టినప్పుడే అన్నారు. ఏదైతేనేం, ఎముకా ఎముకా రాసుకున్న శబ్దం మాత్రం కాదది. ఆ గాలి తిరిగి ద్రవంలో కరగడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. అందుకే ఒకసారి విరిగిన మెటిక వెంటనే మళ్లీ విరగదు. ఇద్దరు మనవరాళ్లున్న ఇంట్లో మొదటి పిల్లకు టపటపా విరిగి ‘అమ్మో, ఎంత దిష్టో’ అనిపించుకుంటే, వెనకాలే నిలబడ్డ రెండో పిల్లకు చప్పుడే రాదు. పాపం దానికి దిష్టి తగల్లేదనుకుంటారు.

ఇప్పుడు పాప ప్రాజెక్టు. ఆ దిష్టి తీసే పద్ధతిలోనే కీళ్ల పాఠం సగం ఉంది. నానమ్మ రెండు చేతులూ పాప ముఖం చుట్టూ తిప్పి, వేళ్లు మడిచి, తన కణతలకు ఆనించి నొక్కుతుంది. ఆ క్షణాన మన ఒంట్లో చురుగ్గా కదిలే కీళ్లు వెళ్లి బొత్తిగా కదలని కీళ్ల మీద ఆనుతాయి. కణత చర్మం కింద నుదుటి ఎముక, నడినెత్తి పక్క ఎముక, చెవి పక్క ఎముక, లోపలి నుంచి వచ్చే మరో ఎముక, ఈ నాలుగూ ఒక్కచోట కలుస్తాయి. వాటి అంచులు రంపపు పళ్లలా ఒకదాంట్లో ఒకటి దిగి, సన్నటి నారతో కుట్టేసినట్టుంటాయి. అదీ కీలే. ‘కదలనిది కీలేమిటి?’ అని పాప అడుగుతుంది, అడగాలి. రెండు ఎముకలు కలిసే చోటు ఏదైనా కీలే. కదలడం కదలకపోవడం తర్వాతి సంగతి.

ఆ నాలుగో ఎముక పేరు నేను మొదటి సంవత్సరంలో ఎన్నిసార్లు మరిచిపోయానో. పేర్లకంటే ముందు ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు: ఆ రెండు ఎముకల మధ్యన ఏముంది? నార ఉంటే ఒక రకం, మెత్తటి ఎముకలాంటి మృదులాస్థి (కార్టిలేజ్) ఉంటే రెండో రకం, ద్రవం ఉన్న గది ఉంటే మూడో రకం. కీళ్ల నిర్మాణమంతా ఈ మూడు ముక్కలే. టీచరు ఏ పేరు అడిగినా దీని కిందకే వస్తుంది.

నార కీళ్లు ఎక్కువగా తలలోనే ఉన్నాయి. పాప పుట్టినప్పుడు ఈ కుట్లు ఇంకా బిగియలేదు. నడినెత్తిన మెత్తగా, లోపల ఏదో కొట్టుకుంటున్నట్టుండే మాడు గుర్తుందా? అత్తయ్యగారు దాని మీద ఆముదం పెట్టే ఉంటారు. నాలుగు ఎముకల మధ్య ఇంకా ఎముక నిండని ఖాళీ అది. కాన్పులో తల ఇరుకుదారిలో పట్టడానికి, పుట్టాక మెదడు పెరగడానికి అలా వదిలి ఉంటుంది. ముందు మాడు సాధారణంగా ఏడాదిన్నరలోపు పూడుతుంది. (ఆముదం పెట్టకపోయినా పూడుతుంది. ఈ మాట ఆవిడ ముందు పైకి చదవకండి.) పన్ను దాని గుంటలో నిలబడేది కూడా నార కీలుతోనే. అన్నంలో ఇసుక రేణువు తగిలితే చటుక్కున తెలిసిపోతుందే, ఆ తెలివి ఆ నారలోని నరాలది.

రెండో రకం, మధ్యలో మృదులాస్థి ఉన్నవి. వెన్నుపూసల మధ్య బిళ్లలు ఈ కోవలోవి. మీ పెరంబూరు పక్కనే 1955 నుంచి రైలుపెట్టెలు తయారుచేస్తున్న ఐ.సి.ఎఫ్. ఉంది కదా, పెట్టెకూ పెట్టెకూ మధ్య కుదుపు ఓర్చుకునే బఫర్లుంటాయే, ఈ బిళ్లల పనీ అదే. మెడ నుంచి నడుం కింది దాకా 23 ఉంటాయి. ఒక్కో బిళ్ల కదిలేది కొంచెమే, అన్నీ కలిస్తే నడుం వంగి ముగ్గు పెట్టగలుగుతాం. పగలంతా బరువు మోసి ఇవి కాస్త నీరు వదిలి పలచబడతాయి, రాత్రి పడుకున్నాక మళ్లీ తాగుతాయి. పాపను పొద్దున మంచం దిగగానే ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి గోడకు నిలబెట్టి పెన్సిలుతో గీత గీయండి. సుమారు ఒక సెంటీమీటరు తేడా వస్తుంది. ప్రాజెక్టులో ఇంతకంటే మంచి పేజీ ఉండదు. పాప ఎత్తు పెరుగుతున్నది కూడా ఇలాంటి మృదులాస్థి పట్టీల వల్లే. పొడుగు ఎముకల కొసల దగ్గర ఉంటాయవి. ఆడపిల్లల్లో 14–15 ఏళ్ల ప్రాంతంలో గట్టిపడి ఎముకలో కలిసిపోతాయి. పసిబిడ్డలో సుమారు 300 ఉండే ముక్కలు పెద్దయ్యాక 206 ఎముకలు కావడం ఇలాంటి కలయికల లెక్కే.

మూడో రకం దగ్గర కాసేపు ఆగుదాం. మెటికలు, మోకాళ్లు, భుజాలు అన్నీ ఇక్కడే. దీని లోపలిదంతా మీ వంటింట్లో చూడొచ్చు. ఈ ఆదివారం కోడి తొడా కాలూ విడదీయకుండా ఒక ముక్క తెమ్మనండి. సింకు దగ్గర పాపను స్టూలెక్కించి నిలబెట్టి, తొడా కాలూ కలిసే చోట నెమ్మదిగా కత్తి పెట్టండి. ముందు తెల్లటి, తెగడానికి మొండికేసే పట్టీలు తగులుతాయి. ఎముకను ఎముకతో కట్టే సంధిబంధనాలవి. ఆ తర్వాత ఒక పలచటి సంచి తెగి వేలికి జారుడుగా తడి అంటుతుంది. అదే కీలులోని ద్రవం. రెండు వేళ్ల మధ్య పెట్టి విడదీస్తే గుడ్డులోని తెల్లసొనలా సాగుతుంది. ఇంకా తెరిస్తే ఎముక కొసలు ముత్యంలా మెరుస్తూ, నీలి ఛాయ తెల్లగా, గోటితో గీరినా జారిపోయేంత నున్నగా కనబడతాయి. ఆ తొడుగే మృదులాస్థి. మటన్ కొట్టు భాయ్ ఎముక నరకడానికి పెద్ద కత్తి ఎత్తుతాడు గానీ, కీలు దగ్గర చిన్న కత్తితో ఇలా తిప్పి అలా ఊడదీస్తాడు చూడండి. ముప్పై ఏళ్లు ఎనాటమీ చెప్పిన నాకు కూడా ఆ చేతివాటం రాలేదు.

ఈ గది కీళ్లలో ఎముక కొసలు ఏ ఆకారంలో ఉంటే కదలిక ఆ తీరుగా ఉంటుంది. పాప బట్టీ పట్టేవి ఆ ఆకారాల పేర్లే. మోచెయ్యి మడతబందు కీలు (పాప చెప్పే హింజ్), తలుపులా ఒక్కవైపే తెరుచుకుంటుంది. మెడలో మొదటి పూస ఉంగరంలా ఉంటుంది, రెండో పూస నుంచి లేచిన ఒక మేకు దాంట్లోకి దూరి ఉంటుంది. మేకు చుట్టూ ఉంగరం తిరిగితే తల అడ్డంగా ఊపి ‘కాదు’ అంటాం. పుస్తకంలో దీన్ని బొంగరపు కీలు (పివట్) అన్నారు. నన్నడిగితే తిరగలి కీలు అనేదాన్ని. కింది రాయిలోని మేకు చుట్టూ పైరాయి తిరగడం అత్తయ్యగారు చూసే ఉంటారు, చూడనిదల్లా పాపే. ‘అవును’ అని తల ఆడించేది ఈ కీలు కాదు, దాని పైన పుర్రె కూర్చున్న చోటు. మన దక్షిణాది వాళ్లం అవునూ కాదూ కాకుండా తల పక్కలకు ఊపి ‘సరే సరే’ అంటామే, దానికి మెడ మొత్తం పనిచెయ్యాలి! మోచేతి దగ్గర కూడా ఇంకో తిరగలి ఉంది. దోసె తిరగేసినప్పుడు, తాళం తిప్పినప్పుడు ముంజేతిలో ఒక ఎముక రెండోదాని మీదుగా దొర్లుతుంది. ఎడమచేత్తో కుడి ముంజేతిని పట్టుకుని తిప్పి చూడమనండి, తెలుస్తుంది.

బొటనవేలి మొదట్లో జీను కీలు. గుర్రం జీను మీద ఇంకో జీను అడ్డంగా బోర్లించినట్టు. ముగ్గుపిండి చిటికెడు పట్టి సన్నటి గీతగా వదలడం దీని పుణ్యమే. వయసు మళ్లిన ఆడవాళ్లలో మోకాలిలాగే తరచూ అరిగే కీలు కూడా ఇదే, కూజా మూత తిప్పుతుంటే నొప్పంటారు. మెటికల కీలు కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది కనుక రెండు దిక్కులా కదులుతుంది గానీ గుండ్రంగా స్క్రూలా తిరగదు. మణికట్టులోని చిన్న ఎముకలు ఒకదాని మీద ఒకటి జారేవి, వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

బంతిగిన్నె కీళ్లు రెండున్నాయి, రెండిటికీ పోలికే లేదు. నేను చదువుకునే రోజుల్లో తిరువల్లిక్కేణిలో ఒక ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. ఎముకల సెట్టు ట్రంకుపెట్టెలో మంచం కిందుండేది. ఒకరోజు ఊడుస్తూ ఇంటావిడ పెట్టె తెరిచేసింది. కెవ్వుమంటుందనుకున్నా. ఆవిడ తొడ ఎముక చేతిలోకి తీసుకుని, దాని బంతిని తుంటి ఎముక గుంటలో పెట్టి రెండు చుట్లు తిప్పి, ‘ఇదు ఎంగ ఆట్టుక్కల్ మాదిరి ఇరుక్కే’ అంది. ‘ఇది మా రుబ్బురోలులా ఉందే’ అని. లోతైన గుంట, అందులో పొత్రం. అంత లోతుంది కనుకే ఒంటి బరువంతా మోసినా తుంటి అంత తేలిగ్గా జారదు. భుజం అలా కాదు, చెంచాలో నిమ్మకాయ. గుంట లోతు తక్కువ, బంతి పెద్దది. అందుకే చెయ్యి తిరిగినన్ని దిక్కులు ఇంకే కీలూ తిరగదు, పెద్ద కీళ్లలో ఎక్కువగా జారిపోయేదీ అదే. ఆ సంవత్సరం పరీక్షలో ఎగ్జామినర్ తుంటి గురించే అడిగారు. రుబ్బురోలు అననైతే అనలేదు గానీ నా కళ్ల ముందున్నది మాత్రం అదే.

ఇక మోకాలు. పాప పుస్తకంలో మోచేతి పక్కనే మోకాలిని కూడా మడతబందు అని రాసి ఉంటారు. మార్కులకు అదే రాయమనండి. కానీ నిజానికి అది పూర్తి తలుపుబందు కాదు. తలుపుబందే అయితే మనం బాసింపట్టు వేసుకుని కూర్చోలేం. మడిచినప్పుడు మోకాలు కొంచెం పక్కకు కూడా తిరుగుతుంది. తొడ ఎముక కింది కొసలు రెండు గుండ్రటి బండలు, కింద కాలి ఎముక దాదాపు బల్లపరుపు. గుండ్రటిది బల్ల మీద దొర్లిపోకుండా మధ్యలో అర్ధచంద్రాకారపు మెత్తలు రెండున్నాయి, లోపల కత్తెరలా అడ్డంగా రెండు సంధిబంధనాలు, ముందు మోకాటి చిప్ప. ఆ చిప్ప వెనక ఉన్న మృదులాస్థి తొడుగు మన ఒంట్లోకెల్లా మందమైనది. మెట్లెక్కేటప్పుడు, లేచేటప్పుడు బరువు ముఖ్యంగా పడేది అక్కడే కాబట్టి.

ఇప్పుడు ‘గుజ్జు’ దగ్గరికి వద్దాం. ఈ మాటతో నాకు పాత తగాదా ఉంది. గుజ్జు అనగానే చింతపండు గుజ్జులా లోపల ఏదో ముద్ద ఉందని, వాడేకొద్దీ అయిపోతుందని, తిండితోనో పొడితోనో మళ్లీ నింపొచ్చని అనిపిస్తుంది. మనవాళ్లు ఆ ఒక్క మాటను మూడు వేర్వేరు వస్తువులకు వాడుతున్నారు: ఎముక కొసకు అంటుకున్న తొడుగు, మధ్యలోని అర్ధచంద్రపు మెత్తలు, జారుడు ద్రవం. ద్రవం పెద్ద మోకాలిలో కూడా ఒక చెంచాడు ఉండదు, సంచి లోపలి పొర దాన్ని ఎప్పటికప్పుడు తయారుచేస్తూనే ఉంటుంది. అది ‘ఎండిపోవడం’ అంటూ మామూలుగా ఉండదు. అరిగేది తొడుగు. ఎక్స్‌రేలో ఆ తొడుగు కనబడనే కనబడదు. రెండు ఎముకల మధ్య ఖాళీ తగ్గిందని చూసి డాక్టర్లు అంచనా కడతారు. ఆ తొడుగులో నరాలు లేవు కనుక నొప్పి దానిది కాదు. చుట్టూ ఉన్న పొర, కింది ఎముక, కండరాలు నొప్పి పుట్టిస్తాయి. అందుకే ఎక్స్‌రేలో బాగా అరిగిన మనిషి హాయిగా తిరుగుతుండడం, కొద్దిగా అరిగినవాళ్లు మూలుగుతుండడం రెండూ చూస్తాం.

మీ ఎదురింటావిడ సలహా తప్పిందని నేననేది తర్వాతి సంగతి వల్ల. ఆ తొడుగులో నరాలే కాదు, రక్తనాళాలు కూడా లేవు. మరి దానికి తిండి ఎలా? గిన్నెలు తోమే స్పాంజిని చూడండి. నొక్కితే నీరు వదులుతుంది, వదిలేస్తే పీల్చుకుంటుంది. నడిచినప్పుడు అడుగు పడితే తొడుగు నొక్కుకుపోయి వాడేసిన నీరు బయటికి వస్తుంది, అడుగు లేస్తే కీలు ద్రవంలోంచి కొత్త పోషణ లోపలికి వెళుతుంది. అంటే మోకాలు భోంచేసేది కదిలినప్పుడే. చాలాకాలం కదలకుండా ఉంచిన కీళ్లలో ఆ తొడుగు పలచబడడం స్కానింగుల్లో చూశారు కూడా. మూడు నెలలుగా అత్తయ్యగారి మోకాళ్లను కాపాడుతున్నామనుకుని పస్తు పెట్టారు. తొడ కండరాలు కూడా ఈపాటికి మెత్తబడి ఉంటాయి. మెట్లు దిగేటప్పుడు మోకాలికి తగిలే దెబ్బను ముందుగా ఓర్చుకునేవి అవే.

కటకట శబ్దం గురించి: నొప్పి, వాపు లేని శబ్దానికి భయపడాల్సింది లేదు. బుడగలు కొన్ని, చిప్ప పక్కన జారే నరం లాంటి పట్టీలు కొన్ని చేసే చప్పుడు. మీ ఆయన మోకాలి దగ్గర చెవి పెట్టినా వినబడొచ్చు.

నిజంగా అరిగిన తొడుగు మునుపటిలా మళ్లీ పెరగదు. ఇది కటువుగా ఉన్నా దాచను. కానీ ఉన్నదాన్ని నిలుపుకోవచ్చు, నొప్పి బాగా తగ్గించుకోవచ్చు. కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుని ఒక కాలు నెమ్మదిగా తిన్నగా చాపి, 10 అంకెలు లెక్కపెట్టి, నెమ్మదిగా దించాలి. ఒక్కో కాలికి 10 సార్లు, పొద్దునా సాయంత్రం. కాస్త ఎత్తు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం ఇంకోటి. వారం రోజులు వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు నడిపించండి, తర్వాత మెట్లు. పిట్టగోడో కడ్డీయో పట్టుకుని, ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. నడిచాక కొంచెం నొప్పి వచ్చి మర్నాటికి సర్దుకుంటే ఫరవాలేదు. మర్నాటికి పెరిగినా, వాచినా సగానికి తగ్గించాలి. అత్తయ్యగారు బరువుంటే ఒక సంగతి: అమెరికాలో 2005లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం ఒంట్లో కిలో తగ్గితే అడుగు అడుగుకూ మోకాలి మీద సుమారు 4 కిలోల భారం తగ్గుతుంది. లావుగా లేకపోతే దాని గురించి ఊసెత్తకండి. మందుల షాపులో అడిగి నొప్పి బిళ్లలు తెచ్చుకోవడం మాత్రం వద్దు. ఈ వయసులో కడుపుకూ కిడ్నీలకూ ముప్పు.

నేల మీద గొంతుక్కూర్చోవడం నొప్పిగా ఉంటే మానుకోవచ్చు. ముగ్గు మానక్కర్లేదు. నడుం వంచి వేసే పని, మోకాలి మీద పెద్ద భారమేం పడదు.

డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన గుర్తులు కొన్ని ఉన్నాయి. మోకాలు ఎర్రగా, వేడిగా వాచినా, జ్వరం తోడైనా ఆ రోజే వెళ్లాలి. మధ్యలో తాళం పడినట్టు బిగుసుకున్నా, నడుస్తుంటే మడిచేసుకుని పడబోయినా, రాత్రి నొప్పికి నిద్రలేచినా ఆలస్యం చేయకండి. ఇంకోటి: పొద్దున లేచాక అరగంటకు మించి కీళ్లు బిగుసుకుపోయి ఉండడం, రెండు చేతుల మెటికల కీళ్లూ ఒకేసారి వాయడం. ఇది అరుగుదల కాదు, ఒంట్లోని రక్షణ వ్యవస్థ కీలు పొర మీద దాడి చేసే రుమటాయిడ్ వాతం కావచ్చు. దానికి మందు వేరు, ఎంత తొందరగా మొదలెడితే అంత మేలు. ఆ మందుల్లో ముఖ్యమైన మెథోట్రెక్సేట్ వెనక మనవాడు ఒకాయన ఉన్నారు. 1895లో భీమవరంలో పుట్టి, మన మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుకుని, అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో పనిచేసిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన బృందం దాన్ని క్యాన్సరు కోసం తయారుచేసింది. కీళ్ల వాతానికి పనికొస్తుందని తేలేసరికి ఆయన లేరు, 1948లోనే పోయారు. చదువుకునే రోజుల్లో ఖద్దరు గౌను వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసరుకు కోపం వచ్చి, ఆయనకు ఎం.బి.బి.ఎస్.కు బదులు అంతకంటే తక్కువ డిగ్రీ దక్కింది. కాలేజీ ముందునుంచి బస్సులో వెళ్లినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. ఆ మందు ఎవరికైనా రాస్తే వారానికి ఒక్కసారే వేసుకోవాలని గుర్తు పెట్టుకోండి. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. మీ ఉత్తరంలో అత్తయ్యగారికి ఈ లక్షణాలేవీ ఉన్నట్టు కనబడలేదు, కంగారు పడకండి.

మిగిలింది మీ వారి పాయా. మిరియాలు దంచి వేసి, ఇడియాప్పంతో తింటే దానికి సాటి లేదు, నేనూ తింటాను. కానీ మేక మోకాలిలోని మృదులాస్థి మన నోట్లోంచి మన మోకాలికి నేరుగా వెళ్లదు. కడుపులో ముక్కలు ముక్కలై, పప్పులోని మాంసకృత్తులు ఎక్కడికి వెళతాయో అక్కడికే వెళుతుంది. కొలాజెన్ పొడీ అంతే. నొప్పి కాస్త తగ్గిందని చిన్న చిన్న పరిశోధనలు కొన్ని చెప్పాయి గానీ, అరిగిన తొడుగు తిరిగి మొలిచిందని గట్టిగా తేల్చినది లేదు. అంత డబ్బు పోసి కొనమని నేనైతే చెప్పను. డబ్బా సీలు తీయకపోతే వాపసు పంపేయండి. తీసేస్తే అయిపోయేదాకా తాగమనండి, రెండోది మాత్రం తెప్పించవద్దని చెప్పండి.